ఎవరి కాగితాలు ఎవరి దగ్గర

"మీ ఆఫీసులో అంత సామాను ఉంటుంది కదా, ఆ నీలం సీసా ఒకటి పట్టుకొస్తే ఈ మరకలు ఎప్పుడో పోయేవి" అన్నాడు భర్త, బాత్రూం గుమ్మంలో నిలబడి. నేల తడిగా ఉంది కాబట్టి లోపలికి రాలేదు. ఆమె పీట మీద కూర్చుని టైళ్ల సందులు బ్రష్షుతో రుద్దుతోంది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర. హాల్లో అతని స్నేహితుడొకడు టీ కోసం కూర్చుని ఉన్నాడు. భర్త అటు తిరిగి, పదకొండేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాటే మళ్లీ చెప్పాడు: "మాకు పనిమనిషి అక్కర్లేదురా. ఇంట్లోనే క్లీనింగ్ కంపెనీ బ్రాంచి ఉంది." స్నేహితుడు నవ్వాడు. వంటింట్లోంచి అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మొదటి రెండేళ్లు నవ్వలేదు. అప్పుడు అత్తగారు, "సరదాకన్న మాటకి మొహం మాడ్చుకుంటే ఎలాగే? నవ్వితే నీ సొమ్మేం పోయింది?" అని అడిగింది. పోయేదేమిటో చెప్పడం అప్పట్లో ఆమెకి చేతకాలేదు. అందుకని నవ్వడం నేర్చుకుంది.

ఆమె పనిచేసేది క్లీనింగ్ కంపెనీలోనే గానీ, అక్కడ క్లీనింగ్ చెయ్యదు. ఆఫీసులో కూర్చుంటుంది. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో రాస్తుంది. యూనిఫాం కొలతలు, సెలవు చీటీలు, ఏ భవనానికి ఎన్ని బకెట్లు, ఎన్ని మాపులు, ఇదీ ఆమె పని. మూడు వారాల కిందట యజమాని పిలిచి, "అమ్మా, ఇవాళ్టి నుంచి నువ్వు బాధ్యతాధికారివి" అన్నాడు. కుర్చీ మారలేదు, బల్ల మారలేదు. ఒక రబ్బరు స్టాంపు మాత్రం వచ్చింది.

స్టాంపు ఎందుకొచ్చిందో రెండు రోజుల తర్వాత తెలిసింది. కంపెనీకి ఉన్న భవనాల్లో పెద్దది పద్నాలుగు అంతస్తులది. అందులో ఉన్న ఆఫీసుల తాలూకు పెద్ద కంపెనీ ఏటా ఒక ఫారం పంపిస్తుంది. మా భవనంలో చీపురు పట్టుకున్న మనిషి దాకా ఎవరూ బలవంతపు చాకిరీలో లేరని, మీరు మనుషుల్ని తెచ్చుకునే చోట కూడా అలాంటిది లేదని రాసి సంతకం చెయ్యాలి. ఇరవై రెండు ప్రశ్నలు. అవును, కాదు అని రెండు గళ్లు. నిరుడు దాన్ని ఆమె కంపెనీ మేనేజరు యజమాని గదిలో కూర్చుని, టీ చల్లారేలోపు నింపేశాడు. ఈ ఏడు ఫారం అడుగున కొత్త వాక్యం ఒకటి కలిపారు: పనివాళ్లు ఆడవాళ్లయితే, వాళ్లని స్వయంగా అడిగిన ఆడమనిషే సంతకం చెయ్యాలి. ఆఫీసులో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఇంట్లో చెప్తే భర్త సంతోషించాడు. "ఇన్నాళ్లకి నీ సంతకానికి గిరాకీ వచ్చిందన్నమాట. మరీ ఎక్కువ చదవకు, కళ్లు పోతాయి" అన్నాడు.

సోమవారం ఫారం తీసుకుని ఆ భవనానికి వెళ్లింది. నేలమాళిగలో, బకెట్లు బోర్లించి ఉంచే అరల మధ్య, నలభై మూడు మంది ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లని నిలబెట్టినవాడు మేస్త్రీ. మనుషుల్ని ఎక్కడెక్కడి నుంచో జట్లుగా తెచ్చి కంపెనీకి ఇచ్చేది అతనే. వాళ్లకి పడుకోవడానికి గదులు చూపించేదీ, పొద్దున్నే వ్యానెక్కించేదీ, సాయంత్రం దింపేదీ అతనే. కంపెనీకి వాళ్ల మొహాలు తెలియవు. నలభై మూడు అనే అంకె తెలుసు.

ఆమె ప్రశ్న చదివింది. వరస మొత్తం ఒకే గొంతుతో, "ఇబ్బంది లేదు మేడం" అంది. ఇంకో ప్రశ్న చదివింది. "ఇబ్బంది లేదు మేడం." ఇరవై రెండు ప్రశ్నలూ తొమ్మిది నిమిషాల్లో అయిపోయాయి. "చూశారా మేడం, మా పిల్లలు బంగారం" అన్నాడు మేస్త్రీ. వరసలో చివర నిలబడిన పిల్లకి యాభై ఏళ్లు దాటాయి. అందరూ ఆమెని పిన్ని అంటారు.

కంపెనీ వ్యానులో వెనక్కి వస్తూ ఆమె ఫారం తీసి చూసుకుంది. ఏడో ప్రశ్న ఇలా ఉంది: పనిచేసే మనిషి అసలు గుర్తింపు కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఆ మనిషి దగ్గరేనా? దానికి కూడా వాళ్లు ఇబ్బంది లేదనే అన్నారు. ఎవరి దగ్గర అని అడిగితే ఇబ్బంది లేదని చెప్పడం జవాబు కాదు. కానీ ఆ మాట ఎలా పుడుతుందో ఆమెకి తెలుసు. పెళ్లయిన కొత్తలో అమ్మ ఫోన్ చేసి, "ఎలా ఉన్నావే?" అని అడిగేది. భర్త పక్కనే పేపరు చదువుతూ ఉండేవాడు. "ఇబ్బంది లేదమ్మా" అనేది. "తిన్నావా?" "ఇబ్బంది లేదమ్మా." "ఈ నెల వస్తావా?" "ఇబ్బంది లేదమ్మా." అమ్మకి అర్థమయ్యేది. అమ్మ కూడా అవతలి వైపు ఎవరో ఒకరు పక్కనుండగానే ఫోన్ చేసేది. ఇద్దరు ఆడవాళ్లు పదేళ్ల పాటు ఆ ఒక్క మాటతో మాట్లాడుకున్నారు. పక్కన మనిషి ఉన్నంత సేపూ ప్రశ్న ఏదైనా జవాబు అదే. అయితే పక్కన మనిషి లేని చోటు వెతకాలి. ఆమె ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఒక్క గడి కూడా నింపలేదు.

ఆ చోటు మర్నాడు దొరికింది. ఆడవాళ్ల బాత్రూంలో పని జరిగేటప్పుడు గుమ్మానికి అడ్డంగా పసుపు బోర్డు పెడతారు. బోర్డు పెట్టాక ఆఫీసువాళ్లు లోపలికి రారు. మేస్త్రీ ఎప్పటికీ రాలేడు. ఆ పద్నాలుగు అంతస్తుల్లో అతను అడుగు పెట్టలేని చోటు అదొక్కటే. నాలుగో అంతస్తులో ఆమె బోర్డు దాటి లోపలికి వెళ్లేసరికి ముగ్గురున్నారు. నోరు మూతపడదు కాబట్టి రేడియో అని పేరు పడ్డ మనిషి, పిన్ని, అద్దాలు తుడిచే ఆమె. చివరి మనిషిని అందరూ అద్దాలామె అనే పిలుస్తారు. ముగ్గురూ ఆమెని చూసి నిటారుగా నిలబడ్డారు.

"కూర్చోబెట్టి అడగడానికి రాలేదు. మీ పని మీరు చేసుకోండి" అంది. వాళ్లు కదల్లేదు. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, ట్రాలీలోంచి బ్రష్షు తీసి, వాష్‌బేసిన్ కింద మూల రుద్దడం మొదలుపెట్టింది. రేడియో కాసేపు చూసింది.

"మేడం, చీర పాడవుతుంది. అయినా అలా కాదు... అబ్బో, అలాగే! మీది కడిగిన చెయ్యే! ఇంట్లో కడుగుతారా?"

"ఆదివారం ఆదివారం."

"పనిమనిషి లేదా?"

"ఉంది. నేనే."

ముగ్గురూ నవ్వారు. పిన్ని అయితే గోడ పట్టుకుని నవ్వింది. పదకొండేళ్లుగా ఇంట్లో వింటున్న మాట అది. ఆమెకి నిజంగా నవ్వు రావడం అదే మొదలు.

"ఏడో ప్రశ్న మళ్లీ అడుగుతాను" అంది రుద్దుతూనే. "మీ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి?"

రేడియో పంపు పూర్తిగా తిప్పింది. నీళ్ల మోతలో చెప్పింది. "మేస్త్రీ దగ్గర. వచ్చిన రోజే తీసుకున్నాడు, యూనిఫాం కొలతలకని."

"కొలతలకి గుర్తింపు కార్డులెందుకు?"

"మేమూ అదే అడిగాం. నడుం కొలత కార్డు మీద రాసుంటుందా అని నేనే అడిగాను. నవ్వాడు. ఇప్పుడడిగితే భద్రంగా ఉన్నాయంటాడు. గదికి పది మంది కదా, పోగొట్టుకుంటారు, నా దగ్గరుంటే భద్రం అంటాడు."

తర్వాత మిగిలినవి వచ్చాయి. సెలవు రోజు ఇద్దరికి మించి గదులున్న చోటి గేటు దాటకూడదు. దాటేవాళ్లు ఫోన్లు లోపల పెట్టి వెళ్లాలి. వెళ్లిన మనిషి వేళకి రాకపోతే, ఆమె ఊరి నుంచి కలిసి వచ్చిన మనిషి రెండు షిఫ్టులూ చెయ్యాలి. యాసిడ్ పనికి చేతి తొడుగులు ఇద్దరికి ఒక జత. ఒకరికి కుడిది, ఒకరికి ఎడమది. "నాకు ఎడమది వచ్చింది. నేను కుడిచేతి వాటం" అని పిన్ని కుడి చెయ్యి తిప్పి చూపించింది. వేళ్ల చివర చర్మం లేదు. ఆమె ఆ చెయ్యి చూసి, తన బల్ల మీది రిజిస్టరులో తనే రాసిన వరస గుర్తు తెచ్చుకుంది: చేతి తొడుగులు, నలభై మూడు. జతలు అని ఆమె రాసింది. స్టోరులోంచి అవి ఇరవై రెండు జతలుగా బయటికి వెళ్లాయి. రెండేళ్లుగా ఆ వరస కింద సంతకం పెడుతున్నది తనే. ఏనాడూ వచ్చి ఒక చెయ్యి చూడలేదు. ఎవరిమీదో రావాల్సిన కోపం ముందు తన మీదే వచ్చింది. తర్వాత అది పెద్దదైంది, అందరికీ సరిపోయేంత అయింది.

అద్దాలామె వైపరు దులిపి, "నాకు ఈ శనివారం లోపు కార్డు కావాలి మేడం" అంది. కూతురు ఉండే ఊళ్లో బడి వంటగదిలో పని ఉంది. పెద్ద టీచరు శనివారం దాకా ఆపి ఉంచుతానంది. అసలు కార్డు చూపించకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది. మేస్త్రీని మూడుసార్లు అడిగింది.

"ఏమన్నాడు?"

"'ఎక్కడికి పోదామని?' అన్నాడు. పెళ్లాన్ని అడిగినట్టు అడిగాడు." ఆమె మళ్లీ అద్దం వైపు తిరిగింది. కాసేపటికి అద్దంలోంచే అడిగింది. "మీవి మీరు ఎక్కడ దాచుకుంటారు మేడం? బ్యాగులోనా, పెట్టెలోనా? ఇస్తే ఎక్కడ పెట్టుకోవాలో నాకూ తెలీదు."

అందులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామనే అడిగింది.

ఆమె డిగ్రీ కాగితం, పుట్టిన తేదీ కాగితం, గుర్తింపు కార్డు, పెళ్లయిన నెలలో తీయించి ఎక్కడికీ వెళ్లని పాస్‌పోర్టు, అన్నీ ఇంట్లో పడకగది బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి భర్త బండి తాళంచెవితో కలిసి ఉంటుంది. అతనితో పాటు ఆఫీసుకి వెళ్లి, అతనితో పాటు తిరిగి వస్తుంది. పందొమ్మిదేళ్లు. ఎప్పుడు కాగితం అవసరమైనా అతనే తీసి, జిరాక్సు తీయించి, జిరాక్సు చేతికిచ్చి, అసలుది లోపల పెట్టేసేవాడు. క్లీనింగ్ కంపెనీలో చేరింది కూడా జిరాక్సుల మీదే. తన డిగ్రీ కాగితం మీద ఉన్న ముద్ర ఏ రంగులో ఉంటుందో ఆమెకి గుర్తు లేదు. పెళ్లయ్యాక నలుపు తెలుపులో తప్ప చూడలేదు.

ఆ సాయంత్రం భర్తకి వడ్డిస్తూ అడిగింది. "ఏమండీ, నా సర్టిఫికెట్లూ కార్డూ ఒకసారి తీసివ్వండి."

"దేనికి?"

"నా దగ్గర పెట్టుకుందామని."

అతను తినడం ఆపాడు. "ఎక్కడికి పోదామని?"

అవే మాటలు. అదే గొంతు కూడా. కోపం లేదు అందులో, కాస్త నవ్వు కూడా ఉంది. అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. "వాడి దగ్గర దాస్తే దేవుడి దగ్గర దాచినట్టే. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో గుండుసూది పోయిందా? నీకు పాలు పొయ్యి మీద పెట్టిన సంగతే గుర్తుండదు, కాగితాలు దాస్తుందిట" అంది. "జిరాక్సు కావాలంటే చెప్పు, రేపు తీయించి ఇస్తా. రంగుల్లో తీయించమంటావా?" అన్నాడు భర్త. మళ్లీ తినడం మొదలుపెట్టాడు. అతని వరకు ఆ సంగతి అయిపోయింది.

గిన్నెలు కడుగుతూ ఆమె ఆలోచించింది. అతను మంచివాడు. అందరూ ఆ మాటే అంటారు, ఆమె అమ్మతో సహా. తాగడు. కొట్టడు. పేకాట లేదు. ఇంకో ఆడదాని ఊసు లేదు. ఎవరు చెప్పినా అతని మంచితనం చెయ్యని పనుల జాబితాయే. మేస్త్రీ కూడా కొట్టడు. నాలుగో ప్రశ్న అదే, కొట్టడం తిట్టడం ఉందా అని. బాత్రూంలో పంపు తిప్పి అడిగినా రేడియో లేదనే చెప్పింది. కొట్టాల్సిన పనేముంది? మనిషి ఎవరో చెప్పే కాగితం నీ జేబులో ఉంటే, ఆ మనిషి రోజూ తన కాళ్లతో తనే నడిచి నీ దగ్గరికి వస్తుంది. తాళం వేసింది కాగితానికే గానీ మనిషికి కాదు కదా అని నువ్వు ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఆ నలభై మూడు మందికి మేస్త్రీ అంటాడు, తనకి మొగుడంటాడు, మాట మాత్రం ఒకటే, భద్రంగా ఉన్నాయని. ఎవరి నుంచి భద్రం? ఆ కాగితాన్ని ఎత్తుకుపోయే దొంగ ఎవరు? వాళ్ల భయమంతా ఆ కాగితం గలామె వచ్చి తీసుకుపోతుందనే. సబ్బు నురగలో గ్లాసు జారి సింకులో పడింది. పగల్లేదు. హాల్లోంచి అత్తగారు, "ఏం పగలగొట్టావే?" అని కేకేసింది.

బుధవారం నాటికి ఆమె నలభై మూడు మందినీ అడిగేసింది, అంతస్తు తర్వాత అంతస్తు, పసుపు బోర్డు వెనక. ఫారం నింపి యజమాని బల్ల మీద పెట్టింది. ఏడుకి కాదు. గేటు సంగతి అడిగే తొమ్మిదికి కాదు. తొడుగుల సంగతి అడిగే పన్నెండుకి కాదు. సంతకం గడి ఖాళీగా ఉంది.

యజమాని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మనది కంపెనీ కాదు. కుటుంబం."

"కుటుంబం కాబట్టే సార్, నాకు తొందరగా అర్థమైంది."

అతనికి అర్థం కాలేదు. "వాళ్లు మన మనుషులు కారు కదా. మేస్త్రీ మనుషులు. మేస్త్రీ ఎక్కడ తెచ్చాడో, ఏం దాచాడో మనకెందుకు?"

"ఈ ఫారం అడిగేదే అది సార్. ఎక్కడ తెచ్చారు, ఏం దాచారు అని."

"సరే, మేనేజరు చేత పెట్టిస్తాను."

"ఆయన వాళ్లని అడగలేదు. అడిగింది నేను. ఎవరు ఏం చెప్పారో నా దగ్గర రాసి ఉంది. ఆయన సంతకం చేస్తే ఆ రాసింది నేను భవనంవాళ్లకి చూపిస్తాను."

ఇలా మాట్లాడగలనని ఆమెకి అప్పటిదాకా తెలియదు. యజమాని ఫోన్ తీసి భవనం మేనేజరుకి కలిపి, స్పీకర్ పెట్టాడు. అవతల ఉన్నదీ ఆడమనిషే. గొంతు మర్యాదగా ఉంది. "ఏడో దాంట్లో పొరపాటున కాదు అని పడిందేమో కదండీ?" అని అడిగింది.

"పొరపాటు కాదండీ."

"శుక్రవారం మేం పైకి పంపాలి. ఆ లోపల అది మారే అవకాశం ఉందా?"

"ఉందండీ. కాగితాలు తిరిగి ఇచ్చేస్తే మారుతుంది."

"మీరు అర్థం చేసుకోవాలండీ. ఇదంతా ఫార్మాలిటీ."

"వాళ్లు బాగానే అర్థం చేసుకున్నారండీ. అందుకే అందరూ ఇబ్బంది లేదన్నారు."

ఫోన్ పెట్టేశాక యజమాని గోడ గడియారం వైపు చూశాడు. భవనం పోతే కంపెనీలో సగం పోయినట్టు. మేస్త్రీకి ఫోన్ చేస్తాడని ఆమెకి తెలుసు. "ఈ ఒక్క కాగితం అవనీ. సోమవారం నీ సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు. అమ్మా అనలేదు.

ఆ మాట ఆమెకంటే ముందు ఇంటికి చేరింది. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే భర్త, "మీ సారు ఫోన్ చేశాడు" అన్నాడు.

"నాకు చెయ్యాల్సింది మీకెందుకు చేశాడు?"

"ఎవరికి చెయ్యాలి మరి? మీ ఆవిడకి కాస్త నచ్చజెప్పండి అన్నాడు. పాపం బతిమాలుతున్నట్టే మాట్లాడాడు. ఒక్క టిక్కు. వేలు కదిలిస్తే అయిపోయేదానికి ఉద్యోగం మీదికి తెచ్చుకుంటావా? ఆ నలభై మందిలో ఒక్కత్తయినా రేపు నీ మొహం చూస్తుందా?"

"వాళ్లు నా మొహం చూడక్కర్లేదు. నేను వాళ్ల చేతులు చూశాను" అంది. అతనికి అదీ అర్థం కాలేదు. పదకొండేళ్లు పనిచేసిన చోటి యజమాని, తనని అడగాల్సింది తన మొగుణ్ని అడిగాడు. బండి చెడిపోతే బండి ఎవరిదో కనుక్కుని ఫోన్ చేసినట్టు. ఇద్దరు మగవాళ్లు, ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడనివాళ్లు, ఆమె వేలు గురించి మాట్లాడుకుని ఒక అభిప్రాయానికి వచ్చారు. ఆమె చీర మార్చుకుని కూరలు తరగడానికి కూర్చుంది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి మేస్త్రీ ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో కార్డులు రబ్బరుబ్యాండ్లు వేసి కట్టలుగా ఉన్నాయి. నేలమాళిగలో అవే అరల మధ్య ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చాడు. ఎవరి మొహమూ చూడలేదు. రేడియో తన కార్డు అందుకుని, "ఇదెవరే దొంగమొహంది? దీన్నా ఇన్నాళ్లూ డబ్బాలో పెట్టి కాపాడాడు?" అంది. నవ్వులు లేచాయి. పిన్నికి చదువు రాదు. కార్డు ఏ వైపు పైకి పట్టుకోవాలో పక్కనామెని అడిగింది. అద్దాలామె తన కార్డుని యూనిఫాం అంచుతో రెండు వైపులా తుడిచి, జాకెట్లో పెట్టుకుని, మళ్లీ తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకుంది.

అప్పుడు ఒక సంగతి జరిగింది. పిన్ని నడిచి వచ్చి కార్డు ఆమె ముందు పెట్టింది. "మేడం, ఇది మీ దగ్గరుంచండి. గదిలో పోతుంది. మీరైతే భద్రం." వెనక ఇంకో నలుగురు అదే మాటతో నిలబడ్డారు. ఆమె చెయ్యి దానంతటదే చాచుకుంది. కార్డు అరచేతిలోకి వచ్చింది కూడా. తేలికగా ఉంది. తీసుకుంటే ఎంత మంచిదనిపించుకుంటుందో ఆ క్షణంలో తెలిసింది. బల్ల సొరుగుకి తాళం ఉంది. తాళంచెవి తన దగ్గరే ఉంటుంది. అడిగినప్పుడల్లా తీసిస్తుంది, దేనికని ఒక్క మాట అడిగి. ఆమె కార్డు పిన్ని చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"నా దగ్గర వద్దు పిన్నీ."

"పోతే?"

"పోతే నువ్వు పోగొట్టుకున్నట్టు. ఇంకోటి తెచ్చుకుందాం. లంగాకి లోపల జేబు కుట్టుకో."

"నేను కుడతాను అందరికీ" అంది రేడియో. "నాకు సూదీ ఆగదు, నోరూ ఆగదు."

డబ్బాలో నలభై ఒక్క కార్డులే ఉన్నాయి. ఇద్దరివి లేవు. ఎక్కడో పడి ఉంటాయి మేడం, వెతికిస్తాను అన్నాడు మేస్త్రీ. ఆమె ఏడో గడిలో టిక్కు పెట్టలేదు. పక్కనున్న ఖాళీలో రాసింది: నలభై మూడు మందిలో నలభై ఒక్కరికి నా ఎదుట ఇచ్చారు. ఇద్దరికి ఇవ్వలేదు. తొమ్మిదీ పన్నెండూ కాదు అనే ఉంచింది. స్టాంపు వేసి, సంతకం చేసి, యజమాని చేతికి కాకుండా భవనం ఆఫీసులో తనే ఇచ్చి, అందినట్టు రాయించుకుంది. మర్యాద గొంతు మేనేజరు కాగితం చదివి ఆమె వైపు చూసింది. శుక్రవారం పొద్దున్న వ్యానులో నలభై రెండు మందే వచ్చారు. అద్దాలామె మొదటి బస్సుకే వెళ్లిపోయిందని రేడియో అంతస్తంతా చెప్పింది.

సోమవారం సంగతి ఏమిటో ఆమెకి తెలుసు. ఇంకో చోట పని వెతుక్కోవాలి. ఎవరైనా అసలు కాగితాలు చూపించమంటారు. శుక్రవారం మధ్యాహ్నం సెలవు చీటీ రాసిచ్చి, సందు చివర తాళాలు బాగుచేసే అతన్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. భర్త ఆఫీసులో ఉన్నాడు. అత్తగారు పడకగది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

తాళాలతను ఇనప పెట్టె దించి బీరువా హ్యాండిల్ తిప్పి చూశాడు. "తాళంచెవి పోయిందా అమ్మా?"

"పోలేదు. ఆయన దగ్గరుంది."

అతను చెయ్యి తీసేశాడు. "అయితే సారు వచ్చాక..."

"అబ్బాయి వచ్చాక తీస్తాడుగా. ఇదేం పిచ్చే, పరాయివాణ్ని తెచ్చి" అంది అత్తగారు.

"సారుకి ఒకసారి ఫోన్ చేసి అడుగుతానమ్మా. ఏమీ అనుకోకండి" అన్నాడు అతను.

"ఆయన ఏం చెప్తారో నాకు తెలుసు. బీరువా ఆయన కొన్నదే. లోపల ఉన్నవి నా కాగితాలు. అవి తీసుకుని మూసేస్తాను."

"పోనీ ఈ అడ్రసు మీద మీ కార్డు ఏదైనా చూపించండి. రేపేదైనా గొడవైతే నా మెడకి చుట్టుకుంటుంది. అందుకని కార్డు చూడందే ఎవరికీ తియ్యను."

"కార్డు లోపలే ఉంది."

అతను నవ్వాడు. "అందరూ అదే అంటారమ్మా."

"అందరూ అంటే ఎవరు? మగవాళ్లా?"

అతను ఆలోచించాడు. నవ్వు పోయింది. "లేదమ్మా. ఆడవాళ్లే." అయినా పెట్టె మూత వేశాడు. వేసి, గుమ్మం వైపు తిరిగి, "పెద్దావిడ కార్డు చూపించినా సరేనమ్మా. ఇంట్లో పెద్దవాళ్లు కదా" అన్నాడు.

అత్తగారు హాల్లో మంచం మీద తలగడ కింద ఉండే తన సంచీ వైపు చూసింది. అందులో కళ్లజోడు, మందులు తప్ప ఏమీ ఉండవని కోడలికి తెలుసు. అత్తగారు కుర్చీలోంచి లేచింది. మోకాలు పట్టేసింది కాబట్టి రెండు చేతులూ ఊని లేచింది. బీరువా దగ్గరికి వచ్చి తలుపు మీద చెయ్యి పెట్టింది.

"మా అబ్బాయి నాన్న ఉన్నన్నాళ్లూ నా కార్డు ఆయన దగ్గర ఉండేది" అంది. కోడలితో కాదు, తాళాలతనితో. "ఆయన పోయిన పదో రోజు వీడు తీసి ఇందులో పెట్టాడు. అందులో నా ఫొటో ఎలా ఉంటుందో కూడా నాకు గుర్తు లేదు. నాదీ దీంట్లోనే ఉంది నాయనా. ఇద్దరివీ ఉన్నాయి. తెరువు."